మీ వీధిలో ఏటా వచ్చే డెంగీని ఎలా ఆపాలి: వానలకు ముందు నుంచి జ్వరం తగ్గేదాకా

ప్రతి ఏడూ అదే వరస. వానలు పడతాయి. కొన్ని వారాలకు ఒక ఇంట్లో జ్వరం, ఆ తర్వాత పక్కింట్లో, ఎదురింట్లో. నలుగురైదుగురు మంచమెక్కాక వీధంతా మేలుకుంటుంది. పొగ కొట్టించమని అర్జీలు పెడతారు, కాలువలు తీయించమని గొడవ చేస్తారు. అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది.

ఎందుకో లెక్క వేసి చూడండి. గుడ్డు నుంచి దోమ తయారవడానికి 7 నుంచి 10 రోజులు. ఆ దోమ డెంగీ ఉన్న మనిషిని కుట్టాక, వైరస్ దాని ఒంట్లో పెరిగి ఇంకొకరికి అంటించే స్థితికి రావడానికి 8 నుంచి 12 రోజులు. అది కుట్టిన మనిషికి జ్వరం తగలడానికి మరో 4 నుంచి 10 రోజులు. అంటే ఒక రోగికీ అతని నుంచి వచ్చిన మరో రోగికీ మధ్య రెండు మూడు వారాలు గడుస్తాయి. పైగా డెంగీ సోకిన ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి ఏ లక్షణమూ కనిపించదు. మీ కంటికి అయిదు జ్వరాలు కనిపించాయంటే, వైరస్ అప్పటికి కనీసం నెల రోజులుగా మీ మధ్య తిరుగుతోందనే అనుకోవాలి.

కాబట్టి పని మొదలుపెట్టాల్సింది జ్వరాలు వచ్చాక కాదు. వానలకు నెల రోజుల ముందు.

మొదట ఈ దోమ అలవాట్లు తెలుసుకోండి

డెంగీని మోసుకొచ్చేది ఏడిస్ దోమ. నల్లగా ఉంటుంది, కాళ్ల మీదా ఒంటి మీదా తెల్లటి చారలు. పగలే కుడుతుంది. పొద్దెక్కిన తర్వాత రెండు గంటలూ, పొద్దు వాలే ముందు రెండు గంటలూ దీని జోరు ఎక్కువ. రాత్రి దోమతెర కట్టుకుని పడుకుంటున్నాం కదా అని ధీమాగా ఉంటే లాభం లేదు.

మురుగు కాలువ దీని స్థావరం కాదు. కాలువల్లో పుట్టేది ఎక్కువగా వేరే జాతి దోమ. ఏడిస్‌కి కావలసింది కదలకుండా నిలిచిన, కాస్త తేటగా ఉన్న నీళ్లు. అవి మన ఇళ్లలో, మేడల మీద, పెరళ్లలో ఉంటాయి. కాలువ శుభ్రం చేయించడం మంచిదే, చేయించండి. కానీ డెంగీ ఆగుతుందని దాని మీదే ఆశ పెట్టుకోకండి. ఎన్నో వీధులు ఏళ్ల తరబడి ఇక్కడే దారి తప్పుతున్నాయి.

ఆడదోమ విడతకు వంద దాకా గుడ్లు పెడుతుంది. వాటిని నీళ్లలో వదలదు, నీటి మట్టానికి కాస్త పైన, పాత్ర గోడకు అతికిస్తుంది. ఆ గుడ్లు ఎండిపోయినా చావవు. తడి లేకుండా నెలల తరబడి అలాగే ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. ఈ రోగం ఏటా తిరిగి రావడానికి ఇదొక పెద్ద కారణం. నిరుడు నీళ్లు పారబోసి మూలన పడేసిన డ్రమ్ములో ఈ ఏటి దోమ ఇప్పటికే ఉండవచ్చు. అందుకే నీళ్లు వంచేయడంతో పని పూర్తవదు. పాత్ర లోపలి గోడను గరుకు బ్రష్షుతోనో పీచుతోనో గట్టిగా రుద్ది కడగాలి.

ఇంకో సంగతి: ఈ దోమ ఎక్కువ దూరం ఎగరదు. సాధారణంగా పుట్టిన చోటు నుంచి వంద, రెండు వందల మీటర్ల లోపే తిరుగుతుంది. మిమ్మల్ని కుట్టిన దోమ మీ ఇంట్లోనో, నాలుగిళ్ల అవతలో పుట్టి ఉంటుంది. ఇది మనకు కలిసొచ్చే విషయం. ఊరంతటినీ బాగుచేయనక్కర్లేదు. మీ వీధి, ఆ వెనక వీధి చేతిలో ఉంటే చాలు.

నీళ్లు నిలిచే చోట్లన్నీ కాగితం మీదికి ఎక్కించండి

ఒక ఆదివారం పొద్దున ఇంటి చుట్టూ నడవండి. చేతిలో టార్చి ఉండాలి. ఫోన్ లైటైనా చాలు. ప్రతి చోటా ఆగి, ఇక్కడ వారం పాటు నీళ్లు కదలకుండా ఉండే వీలుందా అని చూడండి. చెంచాడు నీళ్లున్నా లెక్కలోకి వస్తాయి. సీసా మూతలో నిలిచిన నీళ్లలో కూడా ఈ దోమ పెరగగలదు.

ఇంటి లోపల అందరూ మరిచిపోయేది ఫ్రిజ్ వెనక కింది ట్రే. తర్వాత ఏసీ నీళ్లు పడే బకెట్టు, కూలర్ అడుగు తొట్టి, మొక్క పెంచే గాజు సీసా, కుండీల కింది పళ్లేలు, వాడని బాత్రూములో కమోడూ ఫ్లష్ ట్యాంకూ. బయట సంపు మూత సందులు, మేడ మీద ట్యాంకు మూత, సజ్జల మీద నీళ్లు దిగని మూలలు, ఆకులతో పూడుకుపోయిన వాననీటి గొట్టాలు, పాత టైర్లు, పగిలిన బకెట్లు, వస్తువుల మీద కప్పిన టార్పాలిన్ మడతలు, కుక్కకూ పక్షులకూ పెట్టిన నీళ్ల గిన్నె, చెట్టు తొర్రలు, నరికిన వెదురు మొదళ్లు. కట్టుబడి జరుగుతున్న ఇల్లుంటే అక్కడ లిఫ్టు గుంత, క్యూరింగ్ కోసం శ్లాబు మీద కట్టిన నీళ్లు, మేస్త్రీల డ్రమ్ములు. నా ఉద్దేశంలో వీధి మొత్తానికి అతి ప్రమాదమైనవి రెండు: సగంలో ఆగిన కట్టడం, తాళం పడిన ఇల్లు. వాటిని అడిగేవాళ్లు ఉండరు.

నీళ్లలో లార్వా, అంటే గుడ్డు నుంచి వచ్చే దోమ పిల్ల పురుగు, ఉందో లేదో చూడటం తేలిక. లైటు వేసి చూస్తే సన్నటి దారపు ముక్కల్లాంటివి తల కిందికి వేలాడేసి, నీటి పైపొరకు ఆనుకుని ఉంటాయి. పాత్రను కాస్త కదిపితే మెలికలు తిరుగుతూ అడుక్కి పోతాయి. కాసేపు ఆగితే గాలి కోసం మళ్లీ పైకొస్తాయి. పిల్లలకు ఒకసారి చూపించండి. ఆ తర్వాత మీకన్నా వాళ్లే ముందు పట్టేస్తారు.

వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి

గుడ్డు దోమ కావడానికి వారం పైన పడుతుంది కదా. వారానికి ఒక్కసారి, తప్పకుండా, పాత్రలన్నీ ఖాళీ చేసి రుద్దితే అందులో ఏదీ రెక్కలొచ్చేదాకా బతకదు. పది రోజులకోసారి చేస్తే ఆ శ్రమ చాలావరకు వృథా. అందుకే "వీలైనప్పుడు చేద్దాం" అనే మాట వద్దు. వారంలో ఏ రోజో మీరే అనుకోండి, కానీ అది మారకూడదు. వీధంతా ఒకే రోజు చేస్తే మరీ మంచిది. ఒకరు మరిచిపోయినా పక్కవాళ్ల బ్రష్షు చప్పుడే గుర్తు చేస్తుంది.

పారబోయగలిగిన నీళ్లు పారబోయండి, మట్టి మీదైతే మేలు. పారబోయలేని నీళ్లకు గట్టి మూత పెట్టండి. మూత సరిగా కూర్చోకపోతే సన్నటి వల గానీ దగ్గరి నేత బట్ట గానీ కప్పి, అంచు చుట్టూ తాడుతో బిగించండి. సందు మిగిలితే మూత లేనట్టే. దోమ లోపలికి పోయి ఆ చీకట్లో నిశ్చింతగా గుడ్లు పెడుతుంది. చెట్టు తొర్రల్లో ఇసుక నింపండి. అక్కర్లేని టైర్లూ డబ్బాలూ తీసేయించండి. ఉంచాల్సినవి కప్పు కింద బోర్లించండి. వాడని బాత్రూములో వారానికోసారి ఫ్లష్ కొట్టి, కమోడ్ మూత వేసి ఉంచండి.

మూత పెట్టలేని పెద్ద తొట్లూ అలంకారపు కొలనులూ ఉంటే లార్వాను తినే గంబూసియా, గప్పీ చేపలు పనికొస్తాయి. అయితే వాటిని చెరువుల్లోకీ వాగుల్లోకీ వదలకండి, అక్కడి స్థానిక చేపలను దెబ్బతీస్తాయి. లార్వా మందులూ ఉన్నాయి. బీటీఐ అనేది దోమ లార్వా కడుపులోకి పోయి చంపే బ్యాక్టీరియా, మనుషులకూ పశువులకూ హాని చేయదు. టెమిఫాస్ రసాయనం. ఏది వాడినా ఆరోగ్య సిబ్బంది చెప్పిన కొలత దాటకండి. తాగే నీళ్లలో మీ అంతట మీరు ఏదీ కలపకండి.

వాన లేని రోజుల్లో కూడా ఈ పని ఆపకూడదు. నీటి ఎద్దడి వచ్చినప్పుడు జనం డ్రమ్ముల్లో, తొట్లలో పట్టి పెట్టుకుంటారు. వాన చుక్క పడకపోయినా దోమకు అదే కావాలి.

ఇంటింటికీ వెళ్లే పద్ధతి

ఒక్కరి ఇల్లు అద్దంలా ఉన్నా చుట్టూ నాలుగిళ్లలో లార్వా ఉంటే కుట్టించుకోక తప్పదు. కాబట్టి మనుషులను కూడగట్టాలి. పది పదిహేను ఇళ్లకు ఇద్దరు చొప్పున చాలు. ఇద్దరిలో ఒకరు ఆ ఇళ్లవాళ్లకు బాగా తెలిసినవాళ్లయితే తలుపులు తొందరగా తెరుచుకుంటాయి.

వెళ్లే తీరు ముఖ్యం. "మీ ఇంట్లో దోమలున్నాయి" అని మొదలుపెడితే ఎవరికైనా కోపం వస్తుంది. "పిన్నిగారూ, మా మేడ మీద ట్యాంకులో పురుగులు కనిపించాయండి. మీదీ ఒకసారి కలిసి చూద్దామా?" అనండి. నిజంగానే ముందు మీ ఇల్లు చూసుకుని, దొరికింది దాచకుండా చెప్పండి. లార్వా దొరికితే ఒక గాజు సీసాలోకి తీసి ఇంటివాళ్లకు చూపించండి. గంటసేపు చెప్పిన దానికన్నా ఆ సీసా చూడటం ఎక్కువ పని చేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే మేడ ఎక్కి రుద్దే పని మీరే చేసి రండి. వాళ్లకు సలహా కన్నా సాయం కావాలి.

తాళం పడిన ఇంటి యజమాని ఫోన్ నంబరు సంపాదించి, ఎవరి చేతనైనా తాళం తీయించి చూసే ఏర్పాటు చేయండి. కట్టుబడి మేస్త్రీతో మాట్లాడి, వారానికోసారి నీళ్లు తోడించే బాధ్యత ఎవరిదో తేల్చండి. మాట వినని చోట మున్సిపాలిటీకో పంచాయతీకో రాతపూర్వకంగా ఇవ్వండి, దాని నకలు ఉంచుకోండి.

ఒక నోటు పుస్తకం పెట్టండి. ప్రతి వారం రెండే అంకెలు రాయాలి: ఎన్ని ఇళ్లు చూశారు, వాటిలో ఎన్నింట్లో లార్వా దొరికింది. వందిళ్లకు ఎన్ని అని లెక్కగడితే అదే హౌస్ ఇండెక్స్, ఆరోగ్య శాఖలు వాడే కొలత. అంకె వారం వారం తగ్గుతోందంటే మీ పని ఫలిస్తోంది. తగ్గట్లేదంటే ఏదో ఒక చోటు మీ కంట పడటం లేదని అర్థం, వెతకండి. అధికారుల దగ్గరికి వెళ్లినప్పుడు కూడా నోటి మాటకన్నా ఈ పుస్తకానికి విలువ ఎక్కువ.

బళ్లనూ ఆఫీసులనూ మరవకండి. ఈ దోమ పగలు కుడుతుంది, పిల్లలు పగలంతా ఉండేది బడిలో. సెలవుల తర్వాత బడి తెరిచే ముందు అక్కడి ట్యాంకులు, బాత్రూములు, మేడ ఒకసారి చూడమని ప్రధానోపాధ్యాయులను అడగండి.

పొగ గురించి

పొగ కొడితే ఆ క్షణాన ఎగురుతున్న దోమలు చస్తాయి. గుడ్లకు, లార్వాకు ఏమీ కాదు. ఏడిస్ దోమ ఇంట్లో మంచాల కింద, బట్టల చాటున, అలమరల వెనక చీకట్లో కూర్చుంటుంది. వీధిలో బండి మీద నుంచి వదిలిన పొగ అక్కడిదాకా చేరేది తక్కువే. నీళ్లలో పెరుగుతున్నవి వారం తిరక్కుండానే రెక్కలు కట్టుకుని వస్తాయి. వరుసగా జ్వరాలు వస్తున్నప్పుడు రోగి ఇంటి చుట్టుపక్కల కొట్టిస్తే వైరస్ మోస్తున్న ముదురు దోమలు కొన్ని పోతాయి, ఆ మేరకు ఉపయోగం. అదే రోజు పాత్రలు కూడా ఖాళీ చేయించితేనే అది నిలుస్తుంది.

మొదటి జ్వరం వినపడగానే

వీధిలో ఒకరికి డెంగీ అని తెలిసిన రోజే ఆ ఇంటి చుట్టూ రెండు వందల మీటర్లలో ప్రతి ఇల్లూ చూడండి. వారంలో ఖాయం చేసుకున్న రోజు వచ్చేదాకా ఆగొద్దు. గత రెండు వారాల్లో ఆ మనిషి పగలు ఎక్కడెక్కడ గడిపారో అడగండి. కుట్టిన దోమ బడిలోదో, దుకాణంలోదో కావచ్చు. అలాగైతే అక్కడివాళ్లకూ చెప్పాలి.

డెంగీ మనిషి నుంచి మనిషికి నేరుగా అంటదు. రోగి ఇంటికి వెళ్లడం మానేయాల్సిన పని లేదు, వాళ్ల గిన్నెలు వేరు పెట్టనక్కర్లేదు. ఇది నలుగురిలో గట్టిగా చెప్పండి. జ్వరం వచ్చిన ఇంటిని జనం వెలివేసినట్టు చూస్తే, మరుసటి ఇంటివాళ్లు జ్వరం సంగతి దాచేస్తారు. రోగి పేరు, రిపోర్టు వాళ్లు ఒప్పుకోకుండా వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. "ఫలానా వరసలో ఒక కేసు వచ్చింది, ఈ సాయంత్రం అందరం చూసుకుందాం" అంటే సరిపోతుంది.

రోగిని మాత్రం దోమ కుట్టకూడదు. జ్వరం మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, జ్వరం తగ్గిన ఒకటి రెండు రోజుల దాకా అతని రక్తంలోంచి దోమకు వైరస్ ఎక్కుతుంది. ఆ వారమంతా పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టండి. ఇంట్లో మిగతావాళ్లు నిండు చేతుల బట్టలు వేసుకుని, డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న దోమల క్రీము రాసుకోండి. పగలు నిద్రపోయే పసిపిల్లలకు తెర తప్పనిసరి.

ఇంట్లో జ్వరం వస్తే

హఠాత్తుగా గట్టి జ్వరం, తలనొప్పి, కళ్ల వెనక నొప్పి, కీళ్లూ కండరాలూ విరిచేసినట్టు ఉండటం, వాంతులు, ఒంటి మీద దద్దుర్లు. డెంగీ కాలంలో ఇలాంటి జ్వరం వస్తే డెంగీయేమో అని అనుమానించి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1 పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష పనికొస్తాయి. ఒకసారి నెగెటివ్ వచ్చినంత మాత్రాన డెంగీ కాదని తేలిపోదు.

డెంగీ వైరస్‌ను చంపే మందు ఇప్పటికైతే లేదు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ డోసుకూ డోసుకూ మధ్య కనీసం ఆరు గంటల తేడాతో. పిల్లలకు బరువును బట్టి డాక్టర్ చెప్పినంతే. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు వేయకండి, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. త్వరగా తగ్గాలని సూదులు పొడిపించుకోకండి. యాంటీబయాటిక్ వైరస్ మీద పని చేయదు. ఓఆర్‌ఎస్, పండ్ల రసాలు, పాలు కొంచెం కొంచెంగా, గంట గంటకూ తాగించండి. ఆరు గంటలకు ఒకసారైనా మూత్రం వస్తోందో లేదో కాగితం మీద రాసుకోండి. మూత్రం తగ్గిందంటే ఒంట్లో నీరు చాలడం లేదు.

ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైన మాట. డెంగీలో ప్రమాదం జ్వరం మండుతున్నప్పుడు కన్నా జ్వరం దిగుతున్నప్పుడే ఎక్కువ. సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య ఒళ్లు చల్లబడుతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సరిగ్గా అప్పుడే కొందరిలో రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారడం మొదలవుతుంది, రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోవచ్చు. ఆ 24 నుంచి 48 గంటలు రోగిని ఒంటరిగా వదలకండి, పనికో బడికో పంపకండి. ఏ తేదీన, ఏ పూట జ్వరం మొదలైందో మొదటి రోజే రాసి పెట్టండి. డాక్టర్ మొట్టమొదట అడిగేది అదే.

ఆ సమయంలో వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, రాత్రయినా సరే, ఆస్పత్రికి బయల్దేరండి: తగ్గని కడుపునొప్పి, మళ్లీ మళ్లీ వాంతులు, ముక్కు నుంచో చిగుళ్ల నుంచో రక్తం, నల్లటి విరేచనం, మగత గానీ విపరీతమైన చిరాకు గానీ, చేతులూ కాళ్లూ చల్లబడి చెమటలు పట్టడం, ఆయాసం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం. గర్భిణులు, పసివాళ్లు, వయసు మళ్లినవాళ్లు, షుగర్ లేదా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఈ లక్షణాల దాకా ఆగకూడదు. మొదటి నుంచీ డాక్టర్ కనుసన్నల్లో ఉండాలి. ఇదివరకు డెంగీ వచ్చి తగ్గినవాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం వచ్చిపోతే దాని నుంచి రక్షణ జీవితాంతం ఉంటుంది. కానీ రెండోసారి వేరే రకం సోకితే ముదిరే అవకాశం ఎక్కువ.

ప్లేట్‌లెట్ల గురించి భయం పెద్దది. అంకె పడిపోతోందని కుటుంబాలు రాత్రింబవళ్లు దాతల కోసం పరుగెడతాయి. ఆ ఆరాటం నాకు అర్థమవుతుంది. కానీ రక్తస్రావం లేకుండా కేవలం అంకె తగ్గిందని ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన అవసరం చాలామందికి రాదు. కోలుకునే దశలో వాటంతట అవే పెరుగుతాయి. రిపోర్టులో ప్లేట్‌లెట్లతో పాటు హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, కూడా చూపించుకోండి. పీసీవీ అని రాసి ఉండేది అదే. ప్లేట్‌లెట్లు పడుతూ ఇది పెరుగుతోందంటే రక్తం చిక్కబడుతోందని గుర్తు. సెలైన్ ఎంత ఎక్కించాలో డాక్టర్లు ఎక్కువగా దీన్ని బట్టే తేల్చుకుంటారు. ఇంట్లోనో చిన్న క్లినిక్‌లోనో లెక్క లేకుండా సెలైన్ ఎక్కించడం మంచిది కాదు, ఎక్కువైతే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

వానలు తగ్గాక

కేసులు ఆగగానే గ్రూపులు సద్దుమణుగుతాయి, వారం వారం చేసే పని మరుగున పడుతుంది. ఏళ్ల కిందట దేశాలకు దేశాలే ఇలా సడలిపోయాయి. ఎల్లో ఫీవర్ అనే మరో ప్రాణాంతక జ్వరాన్ని మోసేదీ ఇదే దోమ. 1901లో విలియం గోర్గస్ అనే అమెరికా సైనిక వైద్యుడు క్యూబాలోని హవానాలో ఇంటింటికీ మనుషులను పంపి, తొట్లకు మూతలు వేయించి, లార్వా దొరికిన ఇళ్లకు జరిమానాలు వేసి, నెలల్లోనే ఆ నగరంలో ఎల్లో ఫీవర్‌ను అణచేశాడు. 1947లో అమెరికా ఖండాల దేశాలు ఈ దోమనే నిర్మూలించాలని పూనుకున్నాయి, 1962 నాటికి 18 దేశాలు సాధించాయి కూడా. తర్వాత డబ్బూ శ్రద్ధా తగ్గాయి. దోమ తిరిగొచ్చింది, వెంట డెంగీని తెచ్చుకుంది.

కాబట్టి చివరి కేసు తర్వాత ఇంకో నెల దాకా వారం వారం చేసే పని ఆపకండి. ఆ తర్వాత కూలర్లు, డ్రమ్ములు, కుండీ పళ్లేలు లోపల పెట్టే ముందు ఒక్కొక్కటీ రుద్ది, పూర్తిగా ఆరబెట్టి, బోర్లించండి. గుడ్లు నెలల తరబడి బతికేది వీటి గోడల మీదే. సజ్జల మీద నీళ్లు నిలిచే పల్లాలను ఎండలు ఉండగానే సిమెంటుతో పూడ్పించండి, విరిగిన ట్యాంకు మూతలు మార్పించండి. నోటు పుస్తకంలో లార్వా ఎక్కువసార్లు దొరికిన ఇళ్లకూ, కట్టడాలకూ, తాళం పడిన ఇళ్లకూ గుర్తు పెట్టి, ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉంటుందో అందరికీ తెలిసేలా చేయండి. వచ్చే ఏడు మొదటి వారం ముందుగా తట్టాల్సిన తలుపులు అవే.